మా తమ్ముడి పళ్లకు పూర్తి మత్తు ఇస్తామంటున్నారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది హనుమకొండ. మా తమ్ముడికి 21 ఏళ్లు, ఆటిజం ఉంది, మాటలు చాలా తక్కువ. చిన్నప్పటి నుంచి ఫిట్స్‌కు మాత్రలు వాడుతున్నాడు. రెండు నెలలుగా అన్నం ఒక పక్కనే నములుతున్నాడు, రాత్రిళ్లు లేచి చెంప మీద కొట్టుకుంటున్నాడు. పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కుర్చీ ఎక్కాడు కానీ నోరు తెరవలేదు. టార్చి వేసి ఎలాగో చూసి, చాలా పళ్లు పుచ్చిపోయాయి, చిగుళ్లు కూడా బాగా వాచాయి, ఆస్పత్రిలో జనరల్ అనస్థీషియా ఇచ్చి అన్నీ ఒకేసారి చేద్దాం అన్నారు. బాపు ఒప్పుకోవడం లేదు. పన్ను కోసం మనిషిని స్పృహ తప్పిస్తారా అంటున్నాడు. ఫిట్స్ మందు వాడేవాళ్లకు మత్తిస్తే మళ్లీ లేవరని పక్కింటివాళ్లు చెప్పారు. అమ్మ అప్పటి నుంచి ఏడుస్తోంది. సంతకం నన్ను పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు సూటిగా చెప్తాను, చేయించండి. మీరు రాసినదాన్ని బట్టి ఆ పళ్ల డాక్టర్ చూపించింది సరైన దారే. కాకపోతే సంతకం పెట్టే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, అవి మీ ఉత్తరంలో కనపడలేదు. ఉత్తరమంతా మత్తు గురించే ఉంది. ఆ మత్తులో ఉన్న రెండు మూడు గంటల్లో మీ తమ్ముడి నోట్లో ఏం చేస్తారు, ఏ పన్ను తీసేస్తారు, ఏది ఉంచుతారు, ఆ తర్వాత వాడు దేనితో నములుతాడు అన్న మాట ఒక్కటీ లేదు. నా దగ్గరికి ఇలాంటి సమస్యతో వచ్చే కుటుంబాలు చాలావరకు ఇంతే, భయమంతా మత్తు మీద పెట్టి, వైద్యం సంగతి మాత్రం "మీ ఇష్టం డాక్టర్ గారూ" అనేస్తారు. నన్నడిగితే ఇది తిరగబడాలి. మత్తు చూసుకోవడానికి ఒక డాక్టర్ ప్రత్యేకంగా ఉంటారు. వైద్యం ప్లాన్ మాత్రం మీరు కూర్చుని మాట్లాడితేనే సరిగ్గా కుదురుతుంది.

దానికంటే ముందు ఒక మాట. చెంప మీద కొట్టుకోవడం, ఒక పక్కనే నమలడం, రాత్రి లేవడం, ఇవన్నీ నొప్పే. నోటితో చెప్పలేని మనిషి చేతలతో చెప్తాడు. "వాడి మొండితనం ఎక్కువైంది" అని మందు డోసు పెంచమని అడిగే ఇళ్లు నేను చూశాను, తీరా చూస్తే దవడ పంటి కింద చీము. కాబట్టి రెండు నెలలు అయిపోయాయి, ఇంకా సాగదీయకండి. ఒకసారి చెవి కూడా చూపించండి, అక్కడి నొప్పి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ లోపు నొప్పికి పారాసిటమాల్ డాక్టర్ చెప్పిన మోతాదులో ఇవ్వొచ్చు. మెడికల్ షాపుకు వెళ్లి "పంటి నొప్పికి ఏదైనా ఇవ్వండి" అని మాత్రం అడగకండి. అలా ఇచ్చే గోళీల్లో కొన్నిట్లో ట్రమడాల్ ఉంటుంది, అది ఫిట్స్ ఉన్నవాళ్లకు మంచిది కాదు, ఫిట్స్ తెప్పించగలదు. ఆఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ కూడా అంతే, వాటిని ఫిట్స్ మనిషికి అడ్డగోలుగా వాడకూడదు. చెంప గానీ గవద కింద గానీ వాపు వచ్చి, జ్వరం ఉండి, మింగలేక చొంగ కారుస్తుంటే, నోరు సరిగా తెరుచుకోకపోతే, ఇక డేటు కోసం ఆగొద్దు, అది రాత్రయినా సరే వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రి క్యాజువాలిటీకో, దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రికో వెంటనే తీసుకెళ్లండి.

ఇక బాపు ప్రశ్న. పన్ను కోసం మనిషిని స్పృహ తప్పిస్తారా? న్యాయమైన ప్రశ్నే, నేనైనా అడుగుతాను. అయితే పూర్తి మత్తు ఇచ్చేది పన్ను కోసం కాదు, కదలకుండా ఉండడం కోసం. మామూలు మనిషికి చిగురులో సూది వేసి, మొద్దుబారాక పని చేస్తాం, ఎందుకంటే ఆ మనిషి గంటసేపు నోరు తెరుచుకుని కూర్చుంటాడు, నొప్పయితే చెయ్యెత్తుతాడు. నిమిషానికి వేల సార్లు తిరిగే డ్రిల్లు, కళ్లలోకి కొట్టే లైటు, చెవి పక్కన గీ మనే శబ్దం, నోట్లో నీళ్లు, ముక్కుకు ఏదో మందు వాసన, ఇవన్నీ ఆటిజం ఉన్నవాళ్లకు మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా తగులుతాయి. అలా కదిలే నోట్లో పని చేయడమంటే పరకాల బస్సులో నిలబడి సూదిలో దారం ఎక్కించడమే. నలుగురు పట్టుకుని బలవంతంగా చేసే పద్ధతి కూడా ఉంది, కొన్ని చోట్ల ఇప్పటికీ చేస్తారు. నేను వద్దంటాను. ఒక పన్ను తీయగలరేమో, ఆ తర్వాత ఆ పిల్లాడు తెల్ల కోటు కనిపిస్తే చాలు ఆ గడప తొక్కడు, ఇంట్లో బ్రష్ కూడా నోటి దగ్గరికి రానివ్వడు.

"అంత పెద్ద మత్తు ఎందుకు, కొంచెం నిద్రమందు ఇచ్చి క్లినిక్‌లోనే చేసేయొచ్చు కదా" అని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు. వినడానికి అదే సురక్షితం అనిపిస్తుంది. కానీ ఆలోచించండి, సగం నిద్రలో ఉన్న మనిషి నోట్లో మేం నీళ్లు కొడుతుంటాం, రక్తం వస్తుంటుంది, పంటి ముక్కలు రాలుతుంటాయి. పూర్తి మత్తులో అయితే శ్వాసనాళంలోకి గొట్టం వేసి ఉంటుంది, చుట్టూ గొంతులో గుడ్డ ప్యాక్ పెడతారు, ఏదీ ఊపిరితిత్తుల్లోకి పోదు. సగం నిద్రలో ఆ కాపలా ఉండదు. పైగా కదులుతున్నాడని ఇంకొంచెం, ఇంకొంచెం అని మందు పెంచుకుంటూ పోతే సగం నిద్ర తెలియకుండానే లోతు నిద్ర అయిపోతుంది, అప్పటికి గొట్టమూ లేదు, మత్తు డాక్టరూ లేరు. ముక్కు దగ్గర పెట్టి పీల్పించే లాఫింగ్ గ్యాస్ మంచిదే, కానీ దానికి చెప్పినట్టు ముక్కుతో గాలి పీల్చాలి, మాస్కు తీసేయకూడదు. నోరే తెరవని మీ తమ్ముడికి అది కుదిరేలా లేదు. కాబట్టి ఈ మూడింటిలో, అంటే బలవంతం, సగం నిద్ర, ఆపరేషన్ థియేటర్‌లో పూర్తి మత్తు, మీ వాడికి చివరిదే పెద్దదిగా కనిపిస్తున్నా అదే భద్రం.

పక్కింటివాళ్ల మాటకు వద్దాం. ఫిట్స్ ఉన్నవాళ్లు మత్తు నుంచి లేవరన్నది నిజం కాదు. అసలు మత్తుకు వాడే ప్రొపొఫాల్, థయోపెంటోన్, మిడజోలామ్ లాంటి మందులు ఫిట్స్‌ను అణిచేవే. ఆగకుండా ఫిట్స్ వస్తూ ఐసీయూలో పడ్డవాళ్లకు చివరికి ఇచ్చేది కూడా వీటినే. ప్రమాదం వేరే చోట ఉంది. ఆపరేషన్ రోజు పొద్దున "కడుపు ఖాళీగా ఉండాలన్నారు" అని ఫిట్స్ గోళీ కూడా ఎగ్గొడతారు చూడండి, అదీ ప్రమాదం. ఆ గోళీ రోజూ వేసే టైముకే ఒక్క గుక్క నీళ్లతో వేయాలి, ఈ మాట మత్తు డాక్టర్ నోటితో చెప్పించుకుని కాగితం మీద రాయించుకోండి. గోళీ పేరు, డోసు, ఎన్నేళ్ల నుంచి వాడుతున్నాడు, చివరిసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, ఇవన్నీ చెప్పాలి. ఎందుకంటే ఫెనిటాయిన్, కార్బమజెపిన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో కండరాలను సడలించే మత్తు మందులు కొన్ని తొందరగా దిగిపోతాయి, డాక్టర్ దానికి తగ్గట్టు లెక్క వేసుకుంటారు. వాల్‌ప్రోయేట్ వాడుతుంటే ప్లేట్‌లెట్లు తగ్గే అవకాశం ఉంది, పళ్లు తీసే పని కాబట్టి రక్తపరీక్షలో అది చూడాలి.

అలాగని "లేవకపోవడం" అన్న మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. మన దగ్గర ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువగా ఉంటుంది. కండరాలను సడలించే సక్సమిథోనియం అనే ఒక మందు వాళ్లకిస్తే మామూలుగా నిమిషాల్లో పోవాల్సిన దాని ప్రభావం గంటల తరబడి ఉంటుంది, అంతసేపూ మెషిన్ మీద ఊపిరి ఇవ్వాల్సి వస్తుంది. తర్వాత దానంతట అదే దిగిపోతుంది. మత్తు డాక్టర్లకు ఈ సంగతి బాగా తెలుసు, చెప్తే ఆ మందు వాడకుండా వేరేది వాడతారు. కాబట్టి కులం అడిగారని ఎవరూ నొచ్చుకోవద్దు, వైద్యానికి పనికొచ్చే ప్రశ్నే అది. అలాగే ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు వైపు ఆదివాసీ కుటుంబాలవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు పరీక్ష ముందే చేయించుకోండి, ఆ జబ్బు ఉన్నవాళ్లకు మత్తులో ఆక్సిజన్, ఒంటి వేడి, నీళ్లు అన్నీ ఇంకా జాగ్రత్తగా చూడాలి. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా మత్తు సమయంలో ఒళ్లు విపరీతంగా కాలిపోవడం, చాలా ఆలస్యంగా లేవడం జరిగిందా అని పెద్దమ్మలను, మేనత్తలను అడిగి పెట్టుకోండి. అడిగితే ఏదో ఒకటి బయటికొస్తుంది.

మత్తిస్తే ఉన్న బుర్ర కూడా మందగిస్తుందేమో అని మీ అమ్మగారికి ఉండొచ్చు, చాలామంది తల్లులు అడుగుతారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో ఇచ్చిన హెచ్చరిక ఒకటి తిరుగుతుంటుంది, అది మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గానీ పదే పదే గానీ మత్తు ఇవ్వడం గురించి, ఇంకా నెలలు నిండుతున్న గర్భిణుల గురించి. 21 ఏళ్ల వాడికి అది వర్తించదు. పసిపిల్లల్లో కూడా గంటలోపు ఒక్కసారి ఇచ్చిన మత్తు వల్ల ఐదేళ్ల వయసుకు తెలివితేటల్లో తేడా కనపడలేదని 2019లో వచ్చిన పెద్ద పరిశోధన చెప్పింది. ప్రమాదం సున్నా అని నేను అనను, ఏ మత్తుకైనా అది ఉంటుంది. గుండె, ఊపిరితిత్తులు బాగున్న మనిషిలో తీవ్రమైన ఇబ్బంది చాలా అరుదు. చీము పట్టిన పళ్లతో ఏళ్లు గడపడానికి కూడా ప్రమాదం ఉంది, దాన్ని మాత్రం ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. పూర్తి మత్తులో చేసే పళ్ల వైద్యం మామూలు వైద్యంలా ఉండదు, ఇది ముందే అర్థం చేసుకోకపోతే తర్వాత "అన్ని పళ్లు ఎందుకు పీకారు" అని గొడవవుతుంది. మామూలుగా అయితే అనుమానంగా ఉన్న పంటికి రూట్ కెనాల్ మొదలుపెట్టి, వారం చూసి, మళ్లీ పిలిచి, తర్వాత క్యాపు వేస్తాం. మీ తమ్ముడి విషయంలో "మళ్లీ రండి" అన్న మాటే లేదు, మళ్లీ రావడమంటే మళ్లీ మత్తు. అందుకని అనుమానంగా ఉన్న పన్ను తీసేయడం వైపే మొగ్గుతాం, ఉంచే పంటికి మాత్రం గట్టిగా, ఏళ్లు నిలిచేలా చేస్తాం. ఫిల్లింగ్‌తో సరిపోయేదానికి కూడా ఒక్కోసారి స్టీలు క్యాపు వేస్తాం. ఇది డాక్టర్ బద్ధకం కాదు. అయినా మీరు బేరమాడొచ్చు, ఆడాలి కూడా. ముందు పళ్లయితే చూపుకీ మాటకీ కావాలి, వీలైతే ఒకే సిట్టింగ్‌లో రూట్ కెనాల్ చేసి ఉంచగలరా అని అడగండి. దవడ పళ్లలో పైదీ కిందదీ ఒకదానికొకటి తగిలే జత కనీసం ఒక పక్కనైనా మిగులుతుందా అని అడగండి, జత లేకపోతే మిగిలిన పన్ను నమలడానికి పనికిరాదు. తీసేసిన చోట కట్టుడు పళ్లు పెట్టడం వీడికి కుదరకపోవచ్చు, తీసి పెట్టుకునే సెట్టును పారేస్తాడు, ఫిట్స్ వచ్చినప్పుడు అది గొంతులో అడ్డుపడే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి తీసిన పన్ను ఇక లేనట్టే అనుకుని లెక్క వేసుకోండి.

ఇంకొకటి, మీ డాక్టర్ టార్చి వేసి చూశారు తప్ప ఎక్స్‌రే తీయలేకపోయి ఉంటారు. అంటే ఇప్పుడు చెప్తున్న ప్లాన్ సగం ఊహ. మత్తులో పడుకోబెట్టాక ఎక్స్‌రే తీసి అప్పుడు అసలు సంగతి చూస్తారు, చూశాక ప్లాన్ మారుతుంది. థియేటర్‌లో ఎక్స్‌రే తీసే ఏర్పాటు ఉందా అని ముందే అడగండి, లేకపోతే అన్ని పళ్లకూ గుడ్డిగా పని చేయాల్సి వస్తుంది. ప్లాన్‌ను మూడు ముక్కలుగా రాసివ్వమనండి: తప్పకుండా చేసేవి, చూశాక తేల్చేవి, టైముంటే చేసేవి. అనుకోనిది కనపడి ఇంకో పన్ను తీయాల్సి వస్తే బయటికి ఫోన్ చేసి చెప్తారా, లేక డాక్టర్ నిర్ణయానికే వదిలేస్తున్నారా అన్నది కూడా ముందే తేల్చుకోండి, ఆ రెండు గంటలూ ఇంట్లో ఒకరు ఫోన్ పట్టుకుని థియేటర్ బయటే ఉండాలి, చాయ్‌కి పోయి ఫోన్ ఎత్తకపోవడం కాదు. 21 ఏళ్లు కాబట్టి జ్ఞానదంతాల సంగతి కూడా ఎత్తండి, అడ్డంగా మొలుస్తూ ఇబ్బంది పెట్టేలా ఉంటే వాటి పని కూడా ఇప్పుడే అయిపోవాలి.

చిగుళ్లు వాచాయన్నారు. మీ తమ్ముడు వాడేది ఫెనిటాయిన్ అయితే, మన దగ్గర చాలామంది వాడే ఎప్టాయిన్ గోళీ అదే, దానివల్ల చిగుళ్లు పంటి మీదికి పెరుగుతాయి. పాచి ఎక్కువుంటే ఇంకా పెరుగుతాయి. మత్తులో క్లీనింగ్‌తో పాటు పెరిగిన చిగురు కత్తిరించొచ్చు, కానీ అదే గోళీ కొనసాగితే మళ్లీ పెరిగే అవకాశం ఉంది. న్యూరాలజిస్టును ఒకసారి కలిసి వేరే మందుకు మార్చే వీలుందా అని అడగండి. మీ అంతట మీరు ఒక్క పూట కూడా ఆపొద్దు, ఫిట్స్ గోళీ హఠాత్తుగా ఆపడం అన్నిటికంటే ప్రమాదం.

చాలామందికి తట్టని ఉపాయం ఒకటి చెప్తాను. ఎలాగూ మత్తులో ఉంటాడు కదా, మెలకువలో చేయించుకోని పనులన్నీ అప్పుడే చేయించుకోవచ్చు. థైరాయిడ్, షుగరు, ఫిట్స్ మందు స్థాయి లాంటి రక్తపరీక్షలకు రక్తం తీయడం, చెవిలో గుబిలి తీయించడం, కాళ్లు చేతుల గోళ్లు కత్తిరించడం, ఏదైనా టీకా బాకీ ఉంటే వేయించడం. గోళ్ల సంగతి విని నవ్వకండి, గోళ్లు తీయించుకోని ఇరవయ్యేళ్ల కొడుకుతో ఆ తల్లి పడే బాధ ఆమెకే తెలుసు. అయితే ఆ రోజు పొద్దున అడిగితే ఎవరూ చేయరు, ముందే చెప్పి మత్తు డాక్టర్‌నీ, కావాల్సిన డాక్టర్‌నీ ఒప్పించుకోవాలి.

ఎక్కడ చేయించాలి? ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆస్పత్రిలోనే, పళ్ల క్లినిక్ కుర్చీలో కాదు. మన వైపు చాలా నర్సింగ్ హోముల్లో మత్తు డాక్టర్లు పిలిస్తే వచ్చి పని చూసుకుని ఇంకో చోటికి వెళ్లేవాళ్లే, అందులో తప్పేం లేదు, కానీ పేషెంటు పూర్తిగా మేలుకునేదాకా ఉంటారా అని అడగండి. పళ్ల డాక్టర్ వేరు, మత్తు డాక్టర్ వేరు ఉండాలి. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ చూపించే మానిటర్ ఉందా, మేలుకున్నాక చూసుకునే గది, నర్సు ఉన్నారా, అవసరమైతే ఐసీయూ అదే బిల్డింగ్‌లో ఉందా, ఇవి అడగడానికి మొహమాటపడకండి. పిల్లల పళ్ల స్పెషలిస్టులకే ఇలాంటి ప్రత్యేక అవసరాలున్న వాళ్లకు చేయడంలో శిక్షణ ఉంటుంది, కాబట్టి పెద్దవాడు కదా అని వాళ్లను వదిలేయొద్దు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ, ఖమ్మంలోని డెంటల్ కాలేజీ లాంటి చోట్ల కూడా ముందుగా ఫోన్ చేసి, ఇలాంటి పేషెంట్లకు థియేటర్‌లో చేస్తారా అని కనుక్కోవచ్చు. హైదరాబాద్‌లో చేయిస్తే ఆ రాత్రి అక్కడే చుట్టాలింట్లో ఉండండి, మత్తు దిగుతున్న మనిషితో దాదాపు 150 కిలోమీటర్ల ప్రయాణం వద్దు.

డబ్బు సంగతి క్లుప్తంగా. థియేటర్, మత్తు డాక్టర్, పళ్ల డాక్టర్, క్యాపులు ఇలా విడివిడిగా రాసిన అంచనా తీసుకోండి. పళ్ల వైద్యానికి మామూలు హెల్త్ పాలసీలు ఎక్కువగా ఇవ్వవు, అయినా ఆస్పత్రిలో మత్తులో చేస్తున్నారని డాక్టర్ చేత లెటర్ రాయించి ముందే అడగండి. ఆటిజం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, ఇప్పటిదాకా చేర్పించకపోతే ఈ పని అయ్యాకైనా చేర్పించండి. ఆరోగ్యశ్రీ సంగతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడిగితే తేల్చి చెప్తారు.

ఇక ఆ రోజు. ఆరు గంటల ముందు నుంచి అన్నం, టిఫిన్, పాలు ఏవీ వద్దు, బిర్యానీ లాంటి నూనె తిండి అయితే ఎనిమిది గంటలు. పాలు పోసిన చాయ్ కూడా పాల కిందే లెక్క. మంచినీళ్లు రెండు గంటల ముందు దాకా తాగొచ్చు. చెప్పడం తేలికే, కానీ ఆకలేస్తే డబ్బాలు తీసి తినేవాడికి ఇది ఎలా చెప్తారు? ముందు రోజు రాత్రే బిస్కెట్ డబ్బాలు, పండ్లు కనపడకుండా పెట్టండి, పొద్దున ఇంట్లో ఎవరూ వాడి ఎదుట తినకండి, పోపు వాసన కూడా రానివ్వకండి. లిస్టులో మొదటి కేసుగా పెట్టమని గట్టిగా అడగండి. ఇంతా చేసి ఏదైనా తినేశాడంటే దాచకుండా చెప్పేయండి. డేటు పోతుందని దాస్తే, మత్తు ఇస్తుండగా గొట్టం వేసేలోపే కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఈ మొత్తం వ్యవహారంలో మీ చేతుల్లో ఉన్న అతి పెద్ద జాగ్రత్త ఇదే. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నా ఫోన్ చేసి చెప్పండి, వాయిదా వేస్తారు, వేయడమే మంచిది.

మీ తమ్ముడికి అబద్ధం మాత్రం చెప్పకండి. భద్రకాళి గుడికి పోదాం రా అని బండెక్కించి ఆస్పత్రిలో దింపితే ఇక జన్మలో ఆ బండెక్కడు, గుడికీ రాడు. రెండు మూడు రోజుల ముందు ఒకసారి ఆస్పత్రికి ఊరికే తీసుకెళ్లి చూపించండి, ఫోన్‌లో ఆ గది ఫోటోలు తీసి ఇంట్లో రోజూ చూపించండి. వాడికి ఇష్టమైన దుప్పటో, హెడ్‌ఫోనో వెంట ఉండాలి. హాల్లో జనం మధ్య కూర్చోబెట్టకుండా పిలిచేదాకా కారులోనో ఆటోలోనో ఉంచొచ్చా అని అడగండి. సూదంటే పడని వాడైతే ముందుగా తాగించే నిద్రమందు ఉంటుంది, చేతికి రాసే మొద్దుబార్చే క్రీము ఉంటుంది, మాస్కు పెట్టి గాలి పీల్పించి నిద్రపుచ్చే పద్ధతి ఉంటుంది. వాడికి ఏది నప్పుతుందో మీకే తెలుసు, మత్తు డాక్టర్‌కు తెలియదు, చెప్పండి. నిద్రపోయేదాకా అమ్మను గానీ మిమ్మల్ని గానీ లోపలికి రానివ్వమని అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.

లేచాక కొంచెం అల్లరిగా ఉంటుంది, ఏడవొచ్చు, తోయొచ్చు, చేతికున్న సెలైన్ సూది పీకేయొచ్చు. భయపడకండి, కాసేపటికి తగ్గుతుంది. గొట్టం సాధారణంగా ముక్కులోంచి వేస్తారు, నోరు మాకు ఖాళీగా కావాలి కాబట్టి, అందుకని ముక్కు నుంచి కొంచెం రక్తం, గొంతు గరగర ఉంటాయి. ఉమ్ములో ఎర్ర చార ఉంటుంది, ధారగా కారితే తప్ప కంగారు లేదు. చిగురులో మొద్దు ఇంజక్షన్ కూడా ఇచ్చి ఉంటే రెండు మూడు గంటలు పెదవి తెలియదు, వీళ్లు దాన్ని నమిలి పుండు చేసుకుంటారు, అంతసేపూ పక్కన ఒకరు కూర్చోవాలి. కుట్లు వాటంతట అవే కరిగేవే వేయమని ముందే చెప్పండి. ఆ రోజు చల్లారిన జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, కారం లేకుండా. స్ట్రాతో తాగించొద్దు, పుక్కిలించి ఉమ్మనివ్వొద్దు, గడ్డకట్టిన రక్తం ఊడిపోతుంది. రాత్రి ఫిట్స్ గోళీ మామూలు టైముకే. వాంతులు ఆగకపోయినా, రక్తం ఆగకపోయినా, జ్వరం ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా అదే రాత్రి ఫోన్ చేయడానికి ఒక నంబరు ఇంటికి వచ్చే ముందే తీసుకోండి.

సంతకం. మీ తమ్ముడు 18 దాటాడు కాబట్టి చట్టం ప్రకారం తల్లిదండ్రులు కూడా వాడికి వాళ్లంతట వాళ్లే గార్డియన్లు అయిపోరు. నేషనల్ ట్రస్ట్ చట్టం 1999 కింద కలెక్టర్ ఆధ్వర్యంలో ఉండే లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకుంటే లీగల్ గార్డియన్ సర్టిఫికెట్ ఇస్తారు. బ్యాంకుకీ ఆస్తికీ కూడా అది ఎప్పటికైనా కావాలి. కానీ నొప్పితో ఉన్నవాడిని అది వచ్చేదాకా ఆపొద్దు, చాలా ఆస్పత్రులు దగ్గరి రక్తసంబంధీకుల సంతకంతో చేస్తాయి, మీ ఆస్పత్రిలో పద్ధతి ఏంటో కనుక్కోండి. మీరొక్కరే సంతకం పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు, చట్టం కోసం కాదు, ఇంటి కోసం. రేపు పెదవి వాచినా బాపు మిమ్మల్నే అంటాడు. ఇంట్లో వాదించకండి. మత్తుకు ముందు ఫిట్‌నెస్ చూసే అపాయింట్‌మెంట్ ఉంటుంది కదా, దానికి బాపునే తీసుకెళ్లి మత్తు డాక్టర్ ఎదుట కూర్చోబెట్టండి, మీరు మాట్లాడకుండా ఆయన్నే అడగనివ్వండి, ఎన్ని ప్రశ్నలైనా సరే. కూతురు చెప్తే ఒప్పుకోని బాపులు ఆ డాక్టర్ ముందు అడగాల్సినవన్నీ అడిగేసి, బయటికొచ్చి తామే పెన్ను అడుగుతారు. వెళ్లేటప్పుడు గోళీల షీట్లు, పాత రిపోర్టులు అన్నీ ఒక కవర్లో పెట్టుకెళ్లండి, పళ్ల డాక్టర్ రాసిచ్చిన ఆ మూడు ముక్కల ప్లాన్ కూడా అందులోనే పెట్టండి, ఎంతసేపు మత్తు కావాలో మత్తు డాక్టర్‌కు దాన్ని చూస్తేనే తెలుస్తుంది.